బల్ల కింద పడ్డ ఆకాశం

ఆ వీధి మొత్తానికి దర్జీ అతనొక్కడే. ఇంటి ముందుగది దుకాణం, వెనకగదీ వంటగదీ సంసారం, రెండింటికీ మధ్య తలుపుకు బదులు ఒక పాత కర్టెను. ఆ కర్టెను ఎవర్నీ ఎప్పుడూ ఆపింది లేదు. మిషను సొరుగులో పిల్లల పాలపీక దొరికిన రోజులున్నాయి, పాలగ్లాసు అడుగున కోటు గుండీ దొరికిన రోజులూ ఉన్నాయి. గిరాకీలు కొలతలిస్తూ చేతులు చాపి నిలబడితే, వాళ్ల చంకల కిందుగా ఇద్దరు పిల్లలు రైలు నడుపుకుంటూ పోయేవారు. దర్జీ టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఆ సందడి మధ్యలోనే ఊళ్లోవాళ్ల భుజాలూ నడుములూ సరిచూసేవాడు. నోట్లో సూదులుండటం వల్ల చాలా తగాదాల్లోంచి బయటపడ్డాడని భార్య అంటుంది.

భార్య సిటీ బస్సు నడుపుతుంది. తెల్లారకముందే డిపోకు వెళ్లిపోతుంది కాబట్టి పగలంతా పిల్లల భారం దర్జీది. కూతురికి ఆరో ఏడు నడుస్తోంది, కొత్త తరగతులు మొదలవగానే బడిలో చేరాలి. వీధంతా ఆ పిల్లను ‘ఎందుకమ్మ’ అంటారు. కారణం వేరే చెప్పనక్కర్లేదు. కత్తెరకు రెండు కాళ్లున్నాయి కదా, మరి నడవదేం? సూది కంట్లో దారం దూరిస్తే దానికి నీళ్లు కారవేం? గుండీ ముందు పుట్టిందా, కాజా ముందు పుట్టిందా? మొదటి రెండింటికీ దర్జీ ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాడు గానీ, మూడోదాని గురించి చాలాసేపు నిజంగానే ఆలోచించాడు. అన్నం తింటూ కూడా ఆలోచించాడు. ఇప్పటికీ తేలలేదు.

కొడుకు బుడంకాయ. మూడేళ్లు దాటాయి, ఇంకా గుండ్రంగానే ఉన్నాడు. వాడు ప్రశ్నలు వెయ్యడు. అక్క ఏం చెబితే అది పూర్తి నమ్మకంతో చేసేస్తాడు. ఇద్దర్లో ఎవరు ఎక్కువ ప్రమాదమో దర్జీ ఇంతవరకూ తేల్చుకోలేకపోయాడు.

ఈ ఇద్దరినీ, గిరాకీల గుడ్డల్నీ ఒకే గదిలో పెట్టుకుని బతకాలంటే ఏదో ఒక కట్టుబాటు ఉండాలి కదా. దర్జీ ఒకటి పెట్టాడు. బల్ల మీదున్న గుడ్డ గిరాకీది. బల్ల కింద పడ్డది పిల్లలది. అంతే, మధ్యలో మాటల్లేవు. కత్తిరింపుల్లో రాలిన ముక్క ఎంత మంచిదైనా నేల తాకితే వాళ్లది. మళ్లీ అడగకూడదు, లాక్కోకూడదు. పిల్లలు కూడా బల్ల మీదకు చెయ్యి చాచకూడదు. భార్యను సాక్షిగా నిలబెట్టి మరీ ఒప్పందం చేసుకున్నారు. దాన్ని పిల్లలు ఎంత నిష్ఠగా పాటించారంటే, ఒకసారి రిబ్బను ఒకటి బల్ల అంచున సగం వేలాడుతుంటే, అది పడుతుందా పడదా అని ఇద్దరూ కింద బోర్లా పడుకుని పొద్దున్నంతా కాపలా కాశారు. పడలేదు. వాళ్లు దాన్ని ఊదను కూడా లేదు.

అలా పోగైన ముక్కలతో వాళ్లు చెంచాకు పారాచూటు కట్టారు, చీమలకు దుప్పటి పరిచారు, వీధి పిల్లికి టై కట్టబోయి చేతులు గీరించుకున్నారు. దర్జీకి ఇదంతా పైకి విసుగు, లోపల మహా సంబరం. తను చిన్నప్పుడు బొమ్మ గీస్తే కాగితం దండగ అన్న ఇంట్లో పెరిగాడు. తన ఇంట్లో ఆ మాట వినపడకూడదని అతని పట్టుదల.

ఇక పెద్ద టీచరు సంగతి. ఆ వీధి చివరి బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. దర్జీ నాలుగో తరగతి ఆవిడ దగ్గరే చదివాడు. ఇద్దరు పిల్లల తండ్రయినా, ఆవిడ వీధిలో ఎదురైతే ఇప్పటికీ చొక్కా పైగుండీ తడుముకుంటాడు. అలాంటి మనిషి ఒకరోజు సంచిలోంచి ముదురు నీలం గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

“ఏరా, శుక్రవారం బడిలో నా ఆఖరి రోజు. కోటు కావాలి. కుట్టగలవా?”

“కుడతాను టీచర్.”

“ఇది మా అమ్మ కొనిచ్చింది, ఉద్యోగంలో చేరినప్పుడు. మంచి రోజు చూసి కుట్టించుకోమంది. ఇన్నాళ్లూ పెట్టెలోనే ఉంచాను. జాగ్రత్త. బుధవారం మధ్యాహ్నం బడి విరామంలో వచ్చి వేసుకు చూస్తాను.”

గుడ్డ మందంగా, పట్టుకుంటే చేతికి నిండుగా ఉంది. అలాంటిది నేసేవాళ్లు ఇప్పుడు లేరు. సరిగ్గా ఒక కోటుకు సరిపోయేంతే ఉంది, అటూ ఇటూ బెత్తెడు కూడా మిగలదు. మంగళవారం పొద్దున దర్జీ ఊపిరి బిగబట్టి కత్తిరించాడు. ముందు భాగాలు రెండు, చేతులు రెండు, వెనక భాగం ఒకటి. అన్నింటినీ దొంతరగా పేర్చాడు. వెనక భాగం అన్నింటికంటే పైనుంది.

అప్పుడే గోడ గడియారం చూసి లేచాడు. మధ్యాహ్నం భార్య బస్సు వీధి మలుపులో ఆగుతుంది. జనం ఎక్కీ దిగేలోపు డ్రైవరు కిటికీలోంచి భోజనం డబ్బా అందించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే బస్సు కదిలిపోతుంది. మొగుడని ఆపదు, ఆవిడ డ్యూటీ అంటే డ్యూటీయే. దర్జీ డబ్బా అందుకుని పరుగు తీశాడు. లేస్తూ లేస్తూ మోచెయ్యి దేన్నో తాకినట్టనిపించింది గానీ వెనక్కి తిరిగి చూసే తీరికెక్కడిది?

డబ్బా అందింది. తిరిగొస్తుంటే చెప్పులు కుట్టేవాడు ఆపి తన మోకాలి నొప్పి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఇంటికొచ్చేసరికి ముందుగది చీకటిగా ఉంది.

“నాన్నా, చెప్పులు బయట విప్పు. చప్పుడు చెయ్యకు, రాత్రయింది” అంది కూతురి గొంతు.

దర్జీ గడపలో నిలబడిపోయాడు. కిటికీ మొత్తం మూసేసి ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ చిన్న చిన్న చుక్కలుగా గదిలోకి దిగుతోంది. గోడ మీద, మిషను మీద, నేల మీద పడుకున్న బుడంకాయ పొట్ట మీద చుక్కలే చుక్కలు. కొన్ని పెద్దవి, కొన్ని సూదిమొనంత. మిషను చక్రం మీద పడ్డది తళుక్కుమంటోంది. అతను చెప్పులు బయటే విప్పేశాడు. వెళ్లి కొడుకు పక్కన కూర్చున్నాడు. ఇంత చక్కటిది తన ఇంట్లో పుట్టిందా అనుకున్నాడు. మనిషికి నిజంగా సంతోషం కలిగింది, అందులో అబద్ధం లేదు.

“పగలు చుక్కలు ఎక్కడికి పోతాయని అడిగితే, ఉంటాయి గానీ కనపడవన్నావుగా” అంది కూతురు. “అందుకని చీకటి చేశాం. నీ బెల్టు కంతల కత్తెరతో కొట్టాం. చిన్నవి దబ్బనంతో పొడిచాం.”

“భలే చేశారే” అన్నాడు దర్జీ. ఆ తర్వాత అడిగాడు. “అవునూ, ఇంత దళసరి గుడ్డ ఎక్కడిదే?”

“బల్ల కింద పడింది.”

దర్జీ తలెత్తి చూశాడు. కిటికీకి బట్టల క్లిప్పులతో వేలాడుతున్నది నిండు భుజాల వెడల్పుంది. మెడ దగ్గర వంపు ఉంది. ఆ వంపు తన చేత్తో గీసిందే.

పెద్ద టీచరు కోటు వీపు జల్లెడయిపోయి కిటికీలో వెలుగుతోంది. ఒక్క అరుపు అరవాలని నోరు తెరిచాడు. ఎదురుగా కూతురు నుంచుని ఉంది. చెయ్యగలిగినదాంట్లోకల్లా గొప్పది చేసి, నాన్న మొహంలోకి చూస్తూ నుంచుంది. పైగా కట్టుబాటు ఎక్కడా మీరలేదు. పడింది నేల మీద, పడేసింది నాన్న. దర్జీ తెరిచిన నోరు మూసుకున్నాడు.

“బాగుందే తల్లీ” అన్నాడు.

సాయంత్రం దాకా అతని కాలు ఒకచోట నిలవలేదు. గుడ్డల దుకాణానికి కత్తిరింపు ముక్క పట్టుకెళ్లి చూపిస్తే, దుకాణదారు దాన్ని వెలుగులో తిప్పి చూసి, ఈ నీలం ఎప్పుడో పోయిందయ్యా అన్నాడు. నాలుగు రకాల నీలాలు పక్కన పెట్టి చూపించాడు. ఒక్కటీ దగ్గరికి రాలేదు. ఇంటికొచ్చి ఒక కంతకు దారంతో అల్లి రఫ్ఫు చేసి చూశాడు. మిగిలినవన్నీ చేసేసరికి తనకు రిటైరయ్యే వయసొస్తుందని తేలింది. క్లిప్పులు తీసి గుడ్డ దించేద్దామని రెండుసార్లు స్టూలెక్కాడు. చెయ్యి రాక దిగిపోయాడు.

భార్య డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు బకెట్టు నీళ్లలో పెట్టుకుని అంతా వింది. మధ్యలో ఒకసారి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ దర్జీ చూసేశాడు.

“నవ్వు నవ్వు. రేపు ఆవిడ ముందు నిలబడేది నువ్వు కాదుగా.”

“ఏం చెబుతారు మరి?”

“ఎలుక కొట్టిందని చెబుతా. దుకాణమన్నాక ఎలుకలుండవా? ఎలుకనైతే ఆవిడ కూడా ఏమీ అనలేదు.”

కర్టెను వెనకనుంచి కూతురి తల బయటికొచ్చింది. “ఏ ఎలుక నాన్నా?”

దర్జీ భార్య వైపు చూశాడు. భార్య బకెట్టులోకి చూస్తూ కూర్చుంది, ఇది నా రూటు కాదన్నట్టు.

“అంటే... ఆ కంతలు ఎలుక కొట్టిందని టీచరుతో చెబుదామని, ఊరికే...”

“అవి మేం కదా కొట్టింది” అంది కూతురు. దానికి కోపం వచ్చేసింది. “ఎలుకకి అంత బాగా వస్తుందా?”

“మన ఆకాశం ఎలుక చేసిందంట” అని బుడంకాయ ఏడుపు లంకించుకున్నాడు. వాడిని ఊరుకోబెట్టేసరికి పొద్దుపోయింది. పిల్లలిద్దరూ దర్జీతో మాట్లాడకుండానే పడుకున్నారు.

“నిజం చెబితే దాని మొహం చూడాలి” అన్నాడు దర్జీ. “ఇంత గొప్పగా చేశాననుకుంటోంది. పాడు చేశావే అని నలుగురిలో ఎలా చెప్పను? మళ్లీ జన్మలో గుడ్డ ముట్టుకుంటుందా?”

“పాడు చేసిందెవరు, మీ మోచెయ్యి కాదూ?” అంది భార్య. “ఆ మాటే చెప్పండి. బస్సు ఎక్కడైనా గీసుకుంటే నేను పాసింజర్ల మీద పెట్టను కదా.”

బుధవారం మధ్యాహ్నం పెద్ద టీచరు చెప్పిన వేళకు చెప్పినట్టు వచ్చింది. గడప దాటగానే గదంతా చుక్కలు. ఆవిడ చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగి, “ఏమిట్రా ఇది, కరెంటు లేదా?” అంది.

“టీచర్, కోటు వెనక భాగం పాడైంది.”

“ఎలా?”

ఎలుక నాలుక చివర సిద్ధంగా ఉంది. అంత పెద్దమనిషీ నాలుగో తరగతి బెంచీ దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు. మిషను పక్కన కూతురు తమ్ముడి చెయ్యి పట్టుకుని అతన్నే చూస్తోంది. భయంతో కాదు. నాన్న తమ పేరు చెబుతాడా, ఆ ఎలుక పేరు చెబుతాడా అని చూస్తోంది.

“మా పిల్లలు దాంతో ఆకాశం చేశారు టీచర్” అన్నాడు దర్జీ. “బల్ల కింద పడ్డది వాళ్లదని మా ఇంట్లో మాట. నేనే కంగారులో మోచేత్తో తోసేశాను. వాళ్లు చేసింది బాగానే చేశారు. తప్పు నాది.”

పెద్ద టీచరు చేతిసంచి బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి నడిచింది. గుడ్డకు మొహం ఆనించేంత దగ్గరగా నిలబడి ఒక్కో కంతా పట్టి చూసింది.

“ఈ కంతలు నాలుగు వైపులా ఒకేలా ఉన్నాయేం?” అంది చివరికి. అడిగింది దర్జీని కాదు.

“మడతపెట్టి కొట్టాం” అంది కూతురు. “ఒకటి కొడితే నాలుగొస్తాయి. మొదట తెలీదు. విప్పితే వచ్చాయి.”

“ఎనిమిది రావాలంటే?”

పిల్ల ఆలోచించింది. గాల్లో చేతులతో మడత పెట్టింది. “ఇంకోసారి మడవాలి. కానీ అప్పుడు కత్తెర నోరు పట్టదు.”

“ఊఁ. మరి ఈ మూల ఒక్కటీ లేదేం?”

“విప్పి చిన్నవి పొడిచేప్పుడు అక్కడ తమ్ముడు కూర్చున్నాడు.”

“అక్కడ మబ్బుంది” అన్నాడు బుడంకాయ, అక్క మాట కాదని మొట్టమొదటిసారి.

పెద్ద టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది. నెరిసిన జుట్టు మీద రెండు చుక్కలు పడ్డాయి. “నువ్వేనా కొత్త తరగతుల్లో మా బడికి వచ్చేది?” అంది.

“నేనే. మీరుంటారా?”

“ఉండను. ఎల్లుండితో నాకు సరి. అందుకే ఈ కోటు.”

“మరి ఆ తర్వాత రోజు ఏం చేస్తారు?”

ఆ ప్రశ్న ఆవిడను ఎవరూ అడిగినట్టు లేదు. తోటి టీచర్లంతా ఇక హాయిగా విశ్రాంతి అని ఊరుకున్నారు. దర్జీ కూడా అదే అన్నాడు. ఆవిడ ఒడిలో చేతులు చూసుకుంది. ఇంట్లో ఆవిడొక్కతే ఉంటుందన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. దాన్ని గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదంతే.

“తెలీదే” అంది పెద్ద టీచరు.

ఆవిడ నోట ఆ మాట దర్జీ తన జన్మలో వినలేదు. ఏ లెక్కకూ, ఏ ఊరి పేరుకూ వినలేదు. అతని భయమంతా ఎటు పోయిందో పోయింది.

కూతురు కాసేపు ఆలోచించింది. తర్వాత మిషను ముందున్న కుర్చీ ఈడ్చుకెళ్లి, ఎక్కి, ఒక్కో క్లిప్పూ తీసింది. గది ఒక్కసారిగా పగలైపోయింది. గుడ్డను పొట్టకు ఆనించుకుని తనకొచ్చినట్టు మడిచి, తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది.

“ఇది తీసుకెళ్లండి. మధ్యాహ్నం మీకు పనుండదుగా. కిటికీకి కట్టుకోవాలి. ఎండ లేకపోతే రాదు.”

“నా గుడ్డ నాకే ఇస్తున్నావా?”

“గుడ్డ మీదే” అంది ఎందుకమ్మ. “చుక్కలు మావి.”

పెద్ద టీచరు నవ్వింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది, కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసినంతగా వచ్చింది. బుడంకాయ కూడా నవ్వాడు, ఎందుకో వాడికి తెలీదు. దర్జీ మాత్రం తల పక్కకు తిప్పుకుని లేని దారం ఒకటి సూదిలోకి ఎక్కించసాగాడు. అంత ఇష్టంగా చేసుకున్నదాన్ని ఎవరూ అడక్కుండానే ఇచ్చేసిన కూతుర్ని చూస్తే అతనికి కళ్లనీళ్లు ఆగలేదు.

“కోటు సంగతేమిట్రా?” అంది ఆవిడ లేస్తూ.

“చేతుల్లేకుండా కుడతాను టీచర్. అలాంటి వాటికి వెనక, లోపలి వైపు వేసే అస్తరు గుడ్డే వేస్తారు, అదే పద్ధతి. ముందంతా మీ నీలమే ఉంటుంది.”

“వెనకనుంచి చూసేవాళ్ల కోసం కాదులే నేను వేసుకునేది. కుట్టు.”

శుక్రవారం ఆవిడ అదే వేసుకుని బడికి వెళ్లింది. బాగా కుదిరిందని ఊరంతా అంది. దర్జీకి మాత్రం మెడ దగ్గర చిన్న ముడత కనపడి రాత్రంతా సణిగాడు, భార్య దిండు చెవికి అడ్డం పెట్టుకుని పడుకుంది.

శనివారం మధ్యాహ్నం దర్జీ పిల్లలిద్దర్నీ, సుత్తినీ, మేకుల్నీ వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు. గది ఊడ్చి తుడిచి ఉంది. నేల మీద పెద్ద చాప పరిచి ఉంది. కుర్చీలన్నీ గోడకు చేర్చి ఉన్నాయి. పొద్దున్నుంచీ ఆవిడ ఇదే పని మీదుందని చూస్తేనే తెలుస్తోంది. దర్జీ మేకులు కొట్టి గుడ్డ బిగించాడు. గది చీకటైంది గానీ చుక్కలు అంతంత మాత్రంగానే పడ్డాయి. అది పడమటి కిటికీ.

“పొద్దు ఇటు తిరగాలి, ఆగాలి” అంది కూతురు.

పిల్లలు చాప మీద వెల్లకిలా పడుకున్నారు. పెద్ద టీచరు కాసేపు నుంచుని చూసి, మెల్లగా మోకాళ్లు పట్టుకుని కూర్చుని, వాళ్ల పక్కన తనూ పడుకుంది. బుడంకాయ జరిగి చోటిచ్చాడు. ఎండ మెల్లమెల్లగా కిటికీలోకి వచ్చింది. చుక్కలు ఒక్కొక్కటే నేల మీదికి దిగాయి, ఆవిడ తెల్లటి బట్టల మీదా చేతుల మీదా పాకాయి, ఎదురు గోడెక్కాయి. కూతురు ఒక్కోదాన్ని చూపిస్తూ అది ఎవరు కొట్టిందో చెబుతోంది. పొద్దు వాలి, చుక్కలు వాడిపోయేదాకా ఎవరూ లేవలేదు.

దర్జీ సుత్తి సంచిలో పెట్టుకుని పిల్లల్ని లేవదీశాడు. పెద్ద టీచరు గుమ్మం దాకా వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడి, దర్జీని కాదు, పిల్లనే అడిగింది.

“రేపు కూడా వస్తారా?”

అంత చిన్న గొంతుతో ఆవిడ ఎవరినైనా ఏదైనా అడగడం దర్జీ ఎప్పుడూ వినలేదు.

“రేపు ఎండ రాకపోతే?” అంది ఎందుకమ్మ.

“రాకపోయినా రండి” అంది పెద్ద టీచరు.